ఆయన బిగించిన తీగలు తీసేయనా, ఉంచనా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 57. భర్త చనిపోయి 14 నెలలైంది. ఆయనది ఫ్యాక్టరీ ఉద్యోగం, ధ్యాసంతా గిటార్ల మీద. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో స్నేహితుల ఆర్కెస్ట్రాలో వాయించేవారు. ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. రెండో పడగ్గదిని ఇంట్లో అందరూ గిటార్ల గది అనేవారట. అందులో ఐదు గిటార్లున్నాయి. 1986లో మొదటి జీతంతో కలకత్తా నుంచి తెప్పించుకున్న స్టీలు తీగల గిటార్ ఒకటి. దాన్ని ఇంట్లో "పాతది" అంటారు. ఒకటి నైలాన్ తీగలది, ఒకటి ఎలక్ట్రిక్, ఇంకొకటి పక్కన బ్యాటరీ పెట్టె ఉన్న 12 తీగల గిటార్. ఐదోది ఆమె మామగారిది. ఆయన ఖరగ్‌పూర్‌లో రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆ గిటార్ తీగలు చెక్కకు వేలు దూరేంత ఎత్తున ఉంటాయని, నొక్కినా ఆనవని, దాని సంచిలో బరువైన ఇనుప ముక్క ఒకటి ఉందని రాశారు.

భర్త పోయాక ఆమె ఆ గది తలుపు మూసేశారు. రెండు వారాల కిందట రాత్రి రెండు గంటలప్పుడు ఆ గదిలోంచి టప్పుమని శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే పాతదాని మీద తీగ ఒకటి తెగి, చుట్టలు చుట్టుకుని వేలాడుతోంది. ఆయన చివరిసారి తన చేత్తో బిగించిన తీగ. తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నానని రాశారు. ఆడపడుచు అది అపశకునమని, అవన్నీ ఇంట్లోంచి పంపేయమని అన్నారట. టొరంటోలో ఉన్న కొడుకు "అమ్మేసెయ్ అమ్మా, నాకొకటి ఉంచు" అన్నాడు. ఒక దుకాణం మనిషి వచ్చి చూసి, మామగారి గిటార్ నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం) పోయిందని, ఐదూ కలిపి ఎనిమిది వేలు ఇస్తానని అన్నాడు. పక్కింటావిడ చెబితే పాతదాని నెక్‌కు ఈవిడ కొబ్బరి నూనె రాశారు. పై అంతస్తులో తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడున్నాడు. వాడికి గిటార్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. తీగ తెగిన సంగతి తెలిసి, తను దాచుకున్న డబ్బులతో కొత్త తీగల ప్యాకెట్టు కొనుక్కొచ్చి, "నేను మారుస్తాను ఆంటీ" అన్నాడట. ఆమె గట్టిగా కసిరారు. వాడు ప్యాకెట్టు చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ప్యాకెట్టు ఇంకా అక్కడే ఉంది.

ఉత్తరం చివర అడిగింది ఇది: "తీగలు మారిస్తే ఆయన చేతి పని పోతుంది. మార్చకపోతే గిటార్లే పోతాయేమో. ఏం చేయను?"

అమ్మా,

తెగిన తీగ ఇంకా అలాగే వేలాడుతోందని, ముట్టుకోవడానికి చేతులు రాలేదని రాశారు. ముందు ఆ తీగ సంగతే మాట్లాడతాను.

దాన్ని తెంపింది ఉప్పు గాలి. మీ బాల్కనీ గ్రిల్లుకు రెండేళ్లకోసారి రంగు వేయించాల్సి వస్తుంది చూడండి, అదే కారణం. సముద్రపు గాలిలోని ఉప్పూ తేమా కలిసి ఉక్కును తినేస్తాయి. గిటార్‌లో సన్నటి తీగ మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అంత సన్నటి తీగ మీద సుమారు పది కిలోల లాగుడు ఉంటుంది. తుప్పు ఎక్కడో ఒకచోట సూదిమొనంత గుంట పెడితే చాలు. రాత్రి చల్లబడినప్పుడు తీగ కాస్త బిగుసుకుంటుంది, బలహీనపడినచోట తెగుతుంది. మీ ఆడపడుచుగారు మీ మీద ఆపేక్షతోనే ఆ మాట అన్నారని నా నమ్మకం. ఆవిడతో వాదన పెట్టుకోకండి, తీగ మీది తుప్పు చూపించండి చాలు. ముప్పై ఐదేళ్లుగా గిటార్లు ఇంట్లో పెట్టుకున్నవాణ్ణి. రాత్రిపూట తీగలు తెగిన చప్పుడుకు నేనూ చాలాసార్లు లేచాను.

రెండో సంగతి మీరు అడగలేదు కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. స్టీలు తీగల గిటార్ మీద ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతాయి. ఒక మనిషి బరువు అనుకోండి. 12 తీగల గిటార్ మీద అది 100 కిలోలు దాటుతుంది. ఆయన ఉన్నప్పుడూ ఆ లాగుడు ఉంది. కాకపోతే రోజూ చేతిలోకి తీసుకునే మనిషి ఉన్నప్పుడు నెక్ వంగుతున్నా, తీగలు కింద కట్టి ఉండే చెక్క దిమ్మ, అంటే బ్రిడ్జి, లేస్తున్నా వెంటనే తెలిసిపోతుంది. ఇప్పుడు తలుపు మూసి 14 నెలలైంది. విశాఖ తేమకు చెక్క ఉబ్బుతుంది, జిగురు మెత్తబడుతుంది, పైన తీగలు లాగుతూనే ఉంటాయి. తీగలు ఆయన బిగించినవే, ఆ చెక్కా ఆయన వాయించినదే. ఇప్పుడు ఆ తీగలే చెక్కను పాడు చేస్తున్నాయి. అందుకే మీకు అటూ ఇటూ కూడా తప్పులాగే కనిపిస్తోంది.

ఉత్తరంలో మీరు బిస్కెట్ డబ్బా గురించి రాశారు. అందులో వాడని తీగల ప్యాకెట్లు, చిన్న నోటుపుస్తకం. ఆ పుస్తకంలోంచి మూడు వరుసలు మీరే ఎత్తి రాశారు: "పాతది, 11 నంబరు, 3-2-2019. పాతది, 11 నంబరు, 9-6-2019. నైలాన్, 20-10-2019." 11 అన్నది తీగల మందం నంబరు. ఈ వరుసలు నేను రెండుసార్లు చదివాను. ఆయన పాతదానికి నాలుగు నెలలకోసారి తీగలు మార్చేవారన్నమాట. ముప్పై ఏళ్లలో ఎన్ని సెట్లు మార్చి ఉంటారో లెక్క వేయండి. తీసిన తీగలు ఆయన దాచలేదు. తేదీ రాసుకుని కొత్తవి వేసుకున్నారు. తీగ అరిగిపోయేదని, చెక్క నిలిచేదని ఆయనకు తెలుసు.

అన్నిసార్లు మార్చారు కదా, ఇదెంత అని మాత్రం నేననను. చివరిది చివరిదే. దాని బరువు వేరు.

అయితే ఆయన చేతి గుర్తులు ఎక్కువగా ఉన్నది ఎక్కడో మీకు చూపించాలి. పాతదాన్ని పగటి వెలుతురులోకి తీసుకురండి. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు, అంటే ఫ్రెట్లు, వీణకైతే మెట్లంటాం, వాటిని దగ్గరగా చూడండి. మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీద తీగల కింద చిన్న చిన్న పల్లాలు కనిపిస్తాయి. ఆయన వేళ్లు ఎక్కువగా నొక్కిన చోట్లవి. ఏ స్వరాలు ఆయనకు ఇష్టమో అక్కడ రాసి ఉన్నట్టే. వాటి మధ్య చెక్క నల్లబడి ఉంటుంది, అది ఆయన వేళ్ల చెమట. కుడిచేయి ఆనే అంచు దగ్గర మెరుపు పోయి ఉంటుంది. తీగలు వందసార్లు మార్చినా ఇవి పోవు. పోయేది ఎప్పుడంటే, ఎవరో రిపేరు మనిషి "కొత్తదానిలా చేసిస్తాను మేడమ్" అని పాలిష్ పెట్టినప్పుడు, ఫ్రెట్లు పీకి కొత్తవి వేసినప్పుడు. ఎవరికి ఇచ్చినా ముందే గట్టిగా చెప్పండి: పాలిష్ వద్దు, ఫ్రెట్లు ముట్టుకోవద్దు, అరుగుదల అలాగే ఉండాలి.

ఇక మీ ముందున్న దారులు.

తీగలు తీయకుండా వదులు చేయడం ఒక దారి. చాలామందికి ఇది తట్టదు, అందుకే ముందు చెబుతున్నాను. తీగ ఏ స్వరంలో ఉందో చూపే ట్యూనర్ యాప్ ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. గిటార్ తీగల స్వరాలు లావుదాని నుంచి సన్నదానికి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. పైన తీగలు చుట్టుకునే కీలను వెనక్కి తిప్పుతూ వాటిని డీ, జీ, సీ, ఎఫ్, ఏ, డీ దాకా దించండి. స్వరం ఒక మెట్టు దిగితే లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. 70 కిలోలు 56 అవుతుంది. 12 తీగలదాన్ని ఇంకో మెట్టు దించండి. ఇలా చేస్తే తీగలు ఉన్నచోటే ఉంటాయి, చెక్కకు ఊపిరి ఆడుతుంది, మీకు టైము దొరుకుతుంది. ఇలా నెలల తరబడి ఉంచవచ్చు. కాకపోతే తుప్పు ఆగదు. తుప్పు తీగల కింద ఫ్రెట్లకు మరకలు పడతాయి, మిగిలిన తీగలూ ఒక్కొక్కటే తెగుతాయి, ప్రతిసారీ మీకు ఆ రాత్రే గుర్తొస్తుంది. తెగి వేలాడుతున్న తీగను మాత్రం తీసేయాలి, దాని మొన చెక్క మీద గీతలు పెడుతుంది.

పాత తీగలు ఉంచుకోవడం వింతేమీ కాదు. అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ పాటల్లో బాస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్, తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదని సంగీతకారులందరికీ తెలుసు. ఆయనవి లావుపాటి బాస్ తీగలు, పైగా వాటిని రోజూ వాయించేవాడు. మీ గిటార్‌కు ఆ రెండూ లేవు, అదే తేడా.

రెండో దారి: పాతదాన్ని వదులు చేసి పక్కన పెట్టి, మీకు అంతగా నొప్పి కలిగించని గిటార్‌తో మొదలుపెట్టడం. ఎలక్ట్రిక్ కావచ్చు, నైలాన్ కావచ్చు. ఒకదానికి తీగలు మార్చి చూడండి. చేయి అలవాటవుతుంది, భయం పోతుంది. పాతదాని దగ్గరికి ఎప్పుడు రావాలో మీరే నిర్ణయించుకుంటారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది: "ఎప్పుడో" అనుకున్నది ఏళ్లు గడిచినా రాకపోవచ్చు. వచ్చే వర్షాకాలం లోపు అని మనసులో ఒక గడువు పెట్టుకోండి.

మూడోది, ఐదింటికీ ఒకేసారి తీగలు మార్పించి, మంచి రిపేరు మనిషితో సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయడం) చేయించడం. గది మళ్లీ గిటార్ల గది అవుతుంది. కానీ ఎవరూ వాయించని ఐదు గిటార్లకు కొత్త తీగలు వేస్తే, మీ ఊళ్లో ఏడాది తిరిగేసరికి మళ్లీ తుప్పు. డబ్బు ఒక్కటే కాదు, ఐదింటినీ చూసుకునే పని మీ నెత్తిన పడుతుంది. దుఃఖంలో ఉన్న మనిషికి ఒక పని ఉండటం మంచిదే. అది భారమయ్యేంత ఉండకూడదు. నా మనసు అడిగితే, ఐదింటినీ ఈ వారమే వదులు చేసి, తీగలు ఒక్కదానికే మార్చమంటాను. ఏది అన్నది మీ ఇష్టం.

ఒక్కో గిటార్ గురించి చెప్పాల్సినవి ఉన్నాయి.

ఇది చదవడం ఆపి 12 తీగల గిటార్ పక్కనున్న పెట్టె తెరిచి బ్యాటరీ తీసేయండి. చౌకోరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ అది. ఏడాదికి పైగా వదిలేస్తే కారి లోపలి సర్క్యూట్‌ను తినేస్తుంది. తర్వాత ఒక విజిటింగ్ కార్డు తీసుకుని, బ్రిడ్జి వెనక అంచు కింద పోనిచ్చి చూడండి. కార్డు దూరకపోతే మంచిదే. దూరితే బ్రిడ్జి లేస్తోందని అర్థం. తీగలన్నీ పూర్తిగా వదులు చేసి రిపేరుకు పంపాలి. ఇంట్లో ఫెవికాల్ పోసి అతికించే ప్రయత్నం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి.

నైలాన్ గిటార్‌కు స్టీలు తీగలు ఎవరినీ వేయనివ్వకండి. నైలాన్ తీగల లాగుడు మొత్తం 40 కిలోల చుట్టుపక్కలే. ఆ గిటార్ లోపలి పట్టీలు అంత బరువుకే సరిపోయేలా సన్నగా ఉంటాయి. ఇరవై ఏళ్ల వయసులో ఈ తప్పు నేనే చేశాను. గుంటూరులో అద్దె గదిలో ఉండగా, మా అన్నయ్య ఇచ్చిన నైలాన్ గిటార్‌కు శబ్దం ఎక్కువ వస్తుందని స్టీలు తీగలు బిగించాను. మూడో నెలలో బ్రిడ్జి పైచెక్క పొరతో సహా ఊడి వచ్చింది. ఆ గిటార్ మళ్లీ బాగు పడలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నైలాన్‌కు తుప్పు రాదు. లావుపాటి మూడు తీగల మీద లోహపు చుట్టు మాత్రం నల్లబడుతుంది. తొందర లేదు.

మీ మామగారి గిటార్ నెక్ పోలేదు. అది హవాయిన్ గిటార్. దాన్ని ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద లోహపు కడ్డీ జార్చుతూ వాయిస్తారు. తీగలు ఎత్తుగా ఉండాల్సిందే, లేకపోతే కడ్డీ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. సంచిలోని బరువైన ఇనుప ముక్క ఆ కడ్డీయే. దయచేసి పారేయకండి. 1940లలో హవాయి నుంచి వచ్చిన టావ్ మో కుటుంబం కొన్నేళ్లు కలకత్తాలో ఉండి వాయించింది, నేర్పింది. బెంగాల్లో ఆ వాద్యం బాగా పాతుకుపోయింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన తెలుగువాళ్లు ఎందరో తరాల తరబడి ఉన్నారు, కలకత్తా అక్కడికి రెండు మూడు గంటల ప్రయాణం. మీ మామగారి చేతికి ఆ గిటార్ ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆ వాద్యాన్నే మార్చుకుని విశ్వమోహన్ భట్ మోహన వీణ చేశారు, ఆయనకు 1994లో గ్రామీ వచ్చింది. దుకాణం మనిషి మాట నమ్మి తీగలు కిందికి దింపిస్తే ఆ గిటార్ హవాయిన్ కాకుండా పోతుంది, మామూలు గిటార్‌గానూ పనికిరాదు. దాన్ని వదులు చేసి, గుడ్డతో తుడిచి పెట్టండి. మీ భర్త వైపు పెద్దవాళ్లెవరైనా ఉంటే, మామగారు ఏం వాయించేవారో ఇప్పుడే అడిగి రాసి ఉంచండి.

ఎలక్ట్రిక్‌కు పెద్ద జాగ్రత్తలేమీ లేవు. బ్రిడ్జి స్ప్రింగుల మీద కదిలే రకమైతే తీగలన్నీ ఒకేసారి తీయకూడదు, ఒకటి తీసి ఒకటి వేయాలి.

పాతదానికి రాసిన కొబ్బరి నూనె గురించి దిగులు పడకండి. పాత బనియన్ గుడ్డతో పొడిగా, ఓపికగా రెండు మూడు రోజులు తుడవండి. వంట నూనెలు చెక్కలో నిలిచి కంపు కొడతాయి, జిడ్డు కడతాయి, ఇక రాయకండి. దుకాణాల్లో లెమన్ ఆయిల్ అని దొరుకుతుంది, ఫ్రెట్లు బిగించిన నల్ల చెక్కకు, అంటే ఫ్రెట్‌బోర్డుకు, ఏడాదికి ఒకటి రెండు చుక్కలు చాలు. అది నిమ్మరసం కాదు.

పాతదాని తీగలు మార్చాలని ఎప్పుడు అనుకున్నా, ముందు ఫోనుతో ఫొటోలు తీయండి. కీల దగ్గర తీగ ఏ వైపు నుంచి వచ్చి, ఎన్ని చుట్లు తిరిగి, చివర ఎలా తుంచారో దగ్గరగా తీయండి. ప్రతి వాయిద్యగాడికీ తీగ చుట్టే తీరు ఒకటుంటుంది. కొందరు మూడు చుట్లు చుడతారు, కొందరు మెలిపెట్టి ముడి వేస్తారు. ఆ ఫొటో చూసి కొత్త తీగనూ అలాగే చుడితే, చేతి పని పోతుందన్న మీ బాధకు కొంత జవాబు దొరుకుతుంది.

పని కష్టమైనది కాదు. కళ్లద్దాలు పెట్టుకోండి, సన్న తీగ మొన కంటికి ప్రమాదం. తీగ పూర్తిగా వేలాడేదాకా వదులు చేసి, తర్వాతే కత్తిరించాలి. బిగుతుగా ఉన్న తీగను ఎప్పుడూ కత్తిరించకూడదు. కింద తెల్ల బొడిపెలు ఉన్నాయని రాశారు కదా, అవి బ్రిడ్జి పిన్నులు. పైనుంచి కటింగ్ ప్లేయర్‌తో పట్టి పీకితే విరుగుతాయి. గిటార్ గుండ్రటి రంధ్రంలోంచి చేయి పెట్టి, స్పూను వెనక భాగంతో లోపలి నుంచి మెల్లగా పైకి తోస్తే వాటంతటవే వస్తాయి. ఏ పిన్ను ఎక్కడిదో అదే వరుసలో బల్ల మీద పెట్టుకోండి. కొత్త తీగ చివర చిన్న గుండు ఉంటుంది. దాన్ని రంధ్రంలో దించి, పిన్ను గాడి నెక్ వైపు ఉండేలా పెట్టి నొక్కుతూ, తీగను పైకి లాగితే గుండు లోపల చెక్కకు ఆనుకుంటుంది. ఆ ఆనడం చేతికి తెలుస్తుంది. పైన కీ దాటాక రెండంగుళాలు వదులు ఉంచి చుట్టడం మొదలుపెడితే రెండు మూడు చుట్లు వస్తాయి. కొత్త తీగలు రెండు మూడు రోజులు శ్రుతి నిలుపుకోవు, సాగుతాయి, మళ్లీ మళ్లీ సరిచేయాలి. నైలాన్‌కైతే వారం పడుతుంది. మధ్యలో తీగలు లేనప్పుడే ఫ్రెట్‌బోర్డు తుడిచేయండి. ఫ్రెట్లు మెరవాలని ఇనుప పీచు రుద్దకండి. ఎలక్ట్రిక్ దగ్గర అసలు వద్దు, ఆ పొడి అయస్కాంతాలకు అంటుకుని రాదు.

తీసిన తీగలు పారేయనక్కర్లేదు. తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క పట్టించి, చిన్న చుట్టగా చుట్టి, గాలి చొరని కవర్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి. పైన తేదీ రాయండి. నోటుపుస్తకం పక్కనే, ఆ బిస్కెట్ డబ్బాలోనే పెట్టవచ్చు. గిటార్ మీద ఉంటే ఒకటి రెండేళ్లలో తుప్పు పొడి అయిపోయే తీగలు అక్కడ చాలాకాలం ఉంటాయి.

గది తలుపు తెరవండి. ఇది అన్నిటికంటే ముందు చేయాలి. మూసిన గదిలో తేమ చేరి బూజు పడుతుంది, బొద్దింకలు గిటార్ లోపల కాపురం పెడతాయి, చెదలు పడితే కనిపెట్టేవాళ్లు ఉండరు. గిటార్లకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి. మీ ఊళ్లో వర్షాకాలంలో అది కుదరదు. 60 దగ్గర ఉంచగలిగితే చాలు. కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే హైగ్రోమీటర్ వస్తుంది, ఒకటి కొని గోడకు పెట్టండి. ఫ్యాను తిరగనివ్వండి, సముద్రం వైపు కిటికీ మూసి ఉంచండి, ఏసీ ఉంటే వర్షాల్లో రోజుకు రెండు గంటలు వేయండి, కానీ ఆ గాలి సూటిగా గిటార్ల మీద పడకూడదు. బయటి గోడకు తగిలించిన గిటార్లను లోపలి గోడకు మార్చండి, వర్షానికి చెమ్మెక్కేది బయటి గోడే. అటక మీద పెట్టకండి, అక్కడ వేడి ఎక్కువ.

హుద్‌హుద్ తుపాను రోజున, 2014 అక్టోబరు 12న, అద్దాలు పగులుతుంటే ఆయన గిటార్లను దుప్పట్లలో చుట్టి వంటింట్లోకి మోశారని, మీరు దీపం పట్టుకున్నారని రాశారు. గిటార్లను ఎలా కాపాడాలో మీకు కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ.

మీ అబ్బాయి "అమ్మేసెయ్" అన్న మాట ఒక్కటే మీ మనసులో గుచ్చుకున్నట్టుంది. ఆ వెంటనే "నాకొకటి ఉంచు" అని కూడా అన్నాడు. ఏది కావాలో, ఎందుకో అడిగారా? అడగండి. టొరంటోకు తీసుకెళ్తానంటే ఒక హెచ్చరిక చెప్పండి. అక్కడ చలికాలంలో ఇళ్లలో హీటర్ల వల్ల గాలి బాగా ఎండిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లకు పైగా సముద్రపు తేమలో ఉన్న చెక్క ఒక్క చలికాలంలో పగుళ్లు తీయగలదు. గట్టి కేసు, కేసులో పెట్టే, తేమనిచ్చే హ్యూమిడిఫయర్ ఉంటేనే తీసుకెళ్లాలి, విమానంలో తీగలు వదులు చేసి ఉంచాలి. అంత శ్రద్ధ తీసుకోలేనంటే, వచ్చినప్పుడు వాయించుకునేలా వాడి పేరు మీద ఇక్కడే ఉంచండి. అమ్మకం మాట వస్తే ఐదూ గుత్తగా ఎవరికీ ఇవ్వకండి. ఎలక్ట్రిక్‌కూ 12 తీగలదానికీ వేర్వేరుగా కొనేవాళ్లు దొరుకుతారు. పాతదానికీ మామగారిదానికీ బజారులో పెద్ద ధర రాదు, పోతే మాత్రం మళ్లీ దొరకవు. ఒకటి చర్చికి ఇవ్వాలనిపిస్తే అదీ మంచి దారే. కాకపోతే పదిమంది చేతుల్లో పడ్డ గిటార్ త్వరగా దెబ్బ తింటుంది, ఇచ్చాక లెక్క అడగలేం. అది మీకు సమ్మతమేనా అని ముందు ఆలోచించుకోండి.

ఇక ఆ కుర్రవాడు. వాణ్ణి కసిరినందుకు మీరు రెండు చోట్ల బాధపడ్డారు. వాడికి పద్నాలుగేళ్లు. తనకు నేర్పిన మనిషి పోతే, ఆ వయసువాడికి బాధ ఎలా చెప్పాలో తెలియదు. తీగలు కొనుక్కొచ్చాడు. మీ దగ్గరికి సానుభూతి చెప్పడానికి వచ్చినవాళ్లలో గిటార్ కోసం ఏదైనా తెచ్చినవాడు వాడొక్కడే అనుకుంటాను. పాతదాన్ని వాడు ముట్టుకోవాలా వద్దా అన్నది మీ హక్కు, "ఇప్పుడే వద్దు నాన్నా" అని చెప్పవచ్చు. అప్పుడు ఎలక్ట్రిక్‌తో మొదలుపెట్టనివ్వండి. లేదా మీరు పక్కన కూర్చుని, వాడు పాతదానికి ఒక్కో తీగా మారుస్తుంటే నోటుపుస్తకంలో తేదీ మీరు రాయండి. వాడు వారానికి రెండు రోజులు వచ్చి వాయిస్తే, గిటార్లకు నేను పైన చెప్పిన జాగ్రత్తల్లో సగం అదే తీరుస్తుంది. మీకు శబ్దం భరించలేని రోజులుంటాయి, ఆ రోజు రావద్దని ముందే ఒప్పందం పెట్టుకోండి. వాడు నొచ్చుకోడు.

చెప్పుల స్టాండు మీదున్న ఆ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని అంకె చూడండి. 11 అని ఉంటే పాతదానికి సరిపోతుంది, ఆయన వేసేదీ అదే. 12 అయితే కాస్త లావు, అంత వయసున్న గిటార్ మీద లాగుడు ఎక్కువవుతుంది. 9 అని ఉంటే ఎలక్ట్రిక్‌ది. విప్పలేదు కాబట్టి దుకాణంలో మార్చి ఇవ్వవచ్చు. పూత ఉన్న తీగలు, కోటెడ్ అని అడిగితే ఇస్తారు, కాస్త ఖరీదైనా మీ ఉప్పు గాలికి ఎక్కువ రోజులు నిలుస్తాయి. వెళ్లేటప్పుడు ఆ కుర్రవాణ్ణి వెంట తీసుకెళ్లండి. ఏ దుకాణంలో కొన్నాడో వాడికే కదా తెలుసు.